దగ్గితే చీర తడుస్తోంది. కారం గిర్ని నడిపేదాన్ని, ఎవరికి చెప్పుకోను?

గిర్ని అక్క, వరంగల్ | మార్చి 3

పేరు పెట్టకుండా రాస్తున్నా, ఏమనుకోకండి. ఇరవై ఏళ్లుగా మాది పిండి, కారం గిర్ని. నాకు 51. ముగ్గురు పిల్లలు, ముగ్గురూ మామూలు కాన్పులే. నెలసరి ఆగి రెండేళ్లు దాటింది. బీపీ ఉంది, షుగర్ లేదు.

ఎనుమాముల మార్కెట్‌కు కొత్త మిర్చి దిగిందంటే మాకు చేతినిండా పని. ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా వస్తారు. చపాటా అయితే రంగే గానీ ఘాటు తక్కువ, ఎలాగో తట్టుకుంటా. తేజ పోసిన రోజు మాత్రం ముక్కుకు కొంగు కట్టుకున్నా దగ్గు ఆగదు. ఇదివరకు సీజన్ పోతే దగ్గు కూడా పోయేది. ఏడాదిన్నర నుంచి పన్నెండు నెలలూ ఉంటోంది. పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, తెల్లవారుజామున పిల్లికూతలు.

అసలు బాధ అది కాదు. దగ్గు అందుకున్నప్పుడు ఒంటేలు ఆగడం లేదు. మొదట్లో చుక్కా రెండు చుక్కలు. ఇప్పుడు లంగా తడుస్తోంది. పోయిన ఆదివారం గిర్ని ముందు ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. వరసగా పది పన్నెండు దగ్గులు వచ్చాయి. చీర వెనక తడిసిందని తెలిసిపోతోంది. పక్కన చెంబుంటే నీళ్లు నా మీదే ఒంపుకుని, అయ్యో చెంబు జారింది అన్నా. లోపలికి పోయి చీర మార్చుకుంటూ ఏడ్చా.

మా ఆయనకు కూడా చెప్పలేదు. బిడ్డ దగ్గరికి హైదరాబాద్ పోవడం మానేశా. నీళ్లు తాగడం తగ్గించా, అయినా తేడా లేదు. ఎవరికైనా ఇలా ఉందా?

కోరుట్ల ఆడబిడ్డ | మార్చి 3

ఉంది అక్కా. మా అమ్మకు ఉండేది. చెంబు సంగతి చదివి నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లల్ని పడుకోబెట్టి రేపు వివరంగా రాస్తా.

ఊరి వైద్యం, ములుగు | మార్చి 4

ఇది వయసుతో వచ్చేదే అమ్మా, పెద్ద రోగం కాదు. సాయంత్రం అయిదు తర్వాత నీళ్లు ముట్టకండి. నల్ల నువ్వులు, బెల్లం కలిపి దంచి రోజూ ఒక ఉండ తినండి. పొద్దున కపాలభాతి చేయండి, ఊపిరితిత్తులు శుభ్రపడతాయి, పొట్ట గట్టిపడుతుంది. రెండూ ఒకే దెబ్బకు పోతాయి.

ఫిజియో చెల్లె, హన్మకొండ | మార్చి 4

పెద్దాయనకు దండం. నువ్వుల ఉండ తింటే నష్టం లేదు, ఆమెకు షుగర్ కూడా లేదంటున్నారు. కానీ కపాలభాతి ఇప్పుడు వద్దు. అందులో పొట్టను లోపలికి ఒక్కసారిగా గుంజుతూ గాలి బయటికి కొడతాం. దగ్గులో జరిగేదీ అదే. దగ్గితేనే ఆగనిది, వందసార్లు అలా కొడితే ఆగుతుందా?

నీళ్లు మానేయడం కూడా తప్పే అక్కా. నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడి మూత్రం సంచిని గీరినట్టు చేస్తుంది, అర్జెంటుగా పోవాలనిపిస్తుంది. మలబద్ధకం వస్తుంది, ముక్కితే కింది కండరాల మీద ఇంకా బరువు. కఫం కూడా చిక్కబడి ఊడిరాదు, దాన్ని బయటికి తేవడానికి ఇంకా గట్టిగా దగ్గాల్సి వస్తుంది. ఎక్కడ మొదలుపెట్టామో మళ్లీ అక్కడికే వస్తాం. తగ్గించాల్సింది నీళ్లు కాదు, టీ. గిర్నిలో రోజుకు ఎన్ని టీలు?

గిర్ని అక్క, వరంగల్ | మార్చి 4

ఆరు. సీజన్లో ఎనిమిది అనుకో.

కోరుట్ల ఆడబిడ్డ | మార్చి 4

మా అమ్మకు 66. పదేళ్ల వయసు నుంచి బీడీలు చుట్టింది. చాట ఒళ్లో పెట్టుకుని పొద్దున కూర్చుంటే వెయ్యి బీడీలు అయ్యేదాకా లేచేది కాదు. తంబాకు దుమ్ము ఒకవైపు, కట్టెల పొయ్యి పొగ ఇంకోవైపు. ఒక్క బీడీ తాగలేదు, అయినా దమ్ము, అంటే ఆయాసం జబ్బు, వచ్చింది. మా ఊళ్లో బీడీలు చేసే ఆడవాళ్లలో దగ్గు లేనివాళ్లను వెతుక్కోవాలి.

నాలుగేళ్ల కింద దగ్గు రెండు వారాలు దాటిందని ఆశా కార్యకర్త బలవంతం చేస్తే తెమడ పరీక్ష చేయించాం. టీబీ కాదని తేలింది. అక్కా, మీరు కూడా ముందు అది చేయించండి, సర్కారు దవాఖానాలో పైసలు తీసుకోరు. తర్వాత ఛాతీ డాక్టర్ దగ్గర గొట్టంలో ఊదే పరీక్ష చేశారు. సీఓపీడీ అన్నారు, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాల జబ్బు. నోటితో పీల్చే మందు పంపు రాసిచ్చారు.

అమ్మ ఆరు నెలలు ఆ పంపు వాడలేదు! బియ్యం డబ్బాలో దాచిపెట్టింది. పంపు అలవాటైతే చచ్చేదాకా వదలదని ఎవరో చెప్పారట. చివరికి డాక్టరే కూర్చోబెట్టి చెప్పాడు: గోళీ మందు ఒళ్లంతా తిరుగుతుంది, పంపు మందు చాలా తక్కువ మోతాదులో నేరుగా ఊపిరితిత్తికి పోతుందని. పంపుకు బిగించే స్పేసర్ డబ్బా పెట్టి పీల్చడం నేర్పాడు. మందు పీల్చాక పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టాలి, తర్వాత నోరు పుక్కిలించాలి.

చెప్పొచ్చేదేంటంటే, పంపు సరిగ్గా వాడిన రెండు నెలలకు దగ్గు తగ్గింది. దగ్గు తగ్గితే తడవడం కూడా సగానికి సగం తగ్గింది. దానికోసం విడిగా ఏ మందూ వేయలేదు. అన్నేళ్లు ఆమె తన బట్టలు తానే విడిగా ఉతుక్కునేది. మడి అనుకున్నాం మేము.

మందుల షాపు, నర్సంపేట | మార్చి 4

గిర్ని అక్కా, బీపీకి ఏ గోళీ వేస్తున్నారు? డబ్బా మీద పేరు చూసి రాయండి.

గిర్ని అక్క, వరంగల్ | మార్చి 5

రామిప్రిల్ 5 అని ఉంది తమ్ముడూ.

మందుల షాపు, నర్సంపేట | మార్చి 5

ఎప్పటి నుంచి?

గిర్ని అక్క, వరంగల్ | మార్చి 5

పోయిన ఏడాదికి ముందు దసరా అప్పుడు మొదలుపెట్టారు. అంటే… ఏడాదిన్నర. దగ్గు కూడా అప్పటి నుంచే!

మందుల షాపు, నర్సంపేట | మార్చి 5

నాకు వచ్చిన అనుమానం అదే. రామిప్రిల్, ఎనాలప్రిల్ లాంటి గోళీలు కొందరికి పొడి దగ్గు తెస్తాయి, ఆడవాళ్లకు ఇంకా ఎక్కువ. గొంతులో వెంట్రుక ఇరుక్కున్నట్టు గీరుతూ ఉంటుంది. సిరప్పులు ఎన్ని సీసాలు తాగినా తగ్గదు. మా షాపులో కూడా దగ్గు సిరప్ అడిగేవాళ్లు బీపీ చీటీ చూపిస్తే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

కానీ మీ అంతట మీరు ఆపకండి. బీపీ ఎగిరితే అది ఇంకో గండం. డాక్టర్‌ను అడిగితే దగ్గు తేని రకం, టెల్మిసార్టాన్ లాంటిది, మారుస్తారు. మార్చిన మర్నాడే దగ్గు పోదు, కొన్ని వారాలు పడుతుంది, ఒక్కోసారి రెండు మూడు నెలలు. ఇంకోటి, బీపీకి ప్రజోసిన్ వేసుకునే ఆడవాళ్లకు మూత్రం దారి వదులై చుక్కలు పడతాయి. ఒంట్లో నీరు తీసే గోళీలైతే చెప్పనక్కర్లేదు. కాబట్టి డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు వేసుకునే గోళీలన్నీ ఒక కవర్లో వేసుకుని పోండి.

పిల్లికూతలు అంటున్నారు కాబట్టి గోళీ ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఊదే పరీక్ష మాత్రం తప్పనిసరి.

కాజీపేట రిటైర్డ్ | మార్చి 6

ఇది ఆడవాళ్ల ముచ్చట అనుకుని పక్కకు పోబోయి ఆగిపోయా. మగవాళ్లకూ ఉంటుంది చెల్లె. రైల్వేలో చేశా, ఇప్పుడు 67. ముప్పై అయిదేళ్లు సిగరెట్ తాగా, మానేసి తొమ్మిదేళ్లు. దమ్ము మాత్రం నన్ను మానలేదు.

నాది కొంచెం వేరే కథ. ప్రోస్టేట్, అంటే మగవాళ్లకు మూత్రం సంచి కింద ఉండే గ్రంథి, పెరిగింది. సంచి పూర్తిగా ఖాళీ కాదు, నిండి ఉన్న కుండ కుదిపితే ఒలికినట్టు దగ్గితే ఒలుకుతుంది. అది తెలియక జలుబుకు షాపులో సిరప్ అడిగి తాగా. ఆ రాత్రి ఒంటికి పోవడమే ఆగిపోయింది. పొట్ట రాయిలా అయింది, నొప్పికి గోడలు పట్టుకుని నడిచా. దవాఖానాలో పైపు వేశాకే ప్రాణం లేచొచ్చింది. కొన్ని జలుబు మందులతో అలా అవుతుందట. దమ్ముకు వాడే పంపుల్లో కూడా టయోట్రోపియం రకం ప్రోస్టేట్ ఉన్నవాళ్లకు జాగ్రత్తగా ఇవ్వాలని డాక్టర్ చెప్పారు. అందుకే మగవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దమ్ము డాక్టర్‌కు ప్రోస్టేట్ సంగతి, ప్రోస్టేట్ డాక్టర్‌కు దమ్ము సంగతి చెప్పండి. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

బొగ్గుబాయి కోడలు, గోదావరిఖని | మార్చి 6

నాకు 29. చిన్నప్పటి నుంచి ఆస్తమా. బాబు పుట్టి ఎనిమిది నెలలు. తుమ్మినా దగ్గినా నవ్వినా అంతే. అత్తమ్మకు చెబితే కాన్పయిన ఆడదానికి ఇవన్నీ మామూలే అంది. మామూలు అంటే ఎన్నేళ్లు? ఆమెకు ఇప్పటికీ ఉందేమో అని అనుమానం వచ్చింది, అడగలేకపోయా.

ఫిజియో అక్కా, వ్యాయామం ఉంటుందంటారు కదా, ఎలాగో రాయండి. వీడియోల్లో చూస్తే ఒక్కొక్కరు ఒక్కో తీరు చెబుతున్నారు.

ఫిజియో చెల్లె, హన్మకొండ | మార్చి 7

ఆదివారం కాస్త తీరిక దొరుకుతుంది, అందరికీ కలిపి అప్పుడు రాస్తా. ఈలోపు ఒక్క చిట్కా. దగ్గు వస్తోందని తెలియగానే, దగ్గే *ముందు* కింద బిగించండి. గ్యాస్ బయటికి పోకుండా, మూత్రం పడకుండా ఒకేసారి ఆపుతున్నట్టు. దగ్గు అయ్యేదాకా వదలకండి. కూర్చుని ఉంటే కాలు మీద కాలు వేసి నడుం కొద్దిగా ముందుకు వంచండి.

ఫిజియో చెల్లె, హన్మకొండ | మార్చి 9

పొలంలో నీళ్ల పైపును కాలితో తొక్కి చూడండి. కింద గట్టి నేలుంటే నీళ్లు ఆగుతాయి. బురద ఉంటే పైపు దిగబడుతుంది గానీ నీళ్లు ఆగవు. మన మూత్రనాళం ఆ పైపు. దాని కింద ఊయలలా పట్టి ఉంచే కండరాలు నేల. దగ్గు అంటే పైనుంచి తొక్కడం. కాన్పులు, నెలసరి ఆగడం, బరువు, మలబద్ధకం, ఏళ్ల తరబడి దగ్గు, ఇవన్నీ ఆ నేలను బురద చేస్తాయి. వ్యాయామంతో దాన్ని గట్టి చేస్తాం. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టర్ దీన్ని రాశాడు కాబట్టి ఆయన పేరే ఉండిపోయింది.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. ఆయాసంతో పడుకోలేకపోతే కుర్చీలో కూర్చోండి. పైన చెప్పినట్టు బిగించి లోపలికి, పైకి లాగండి. అయిదు లెక్కపెట్టి వదలండి. అయిదు లెక్కపెట్టేదాకా పూర్తిగా వదులుగా ఉండండి. చాలామంది ఈ వదలడం మర్చిపోతారు. ఇలా ఎనిమిది నుంచి పది సార్లు, రోజుకు మూడు పూటలు. కొన్ని వారాలకు అయిదును పది దాకా పెంచండి. చివర్లో టక్కున బిగించి టక్కున వదిలేవి ఒక పది. దగ్గు వచ్చినప్పుడు పనికొచ్చేవి అవే.

ఎక్కువమంది చేసే తప్పు ఊపిరి బిగపట్టడం. దమ్మున్నవాళ్లు అసలు అలా చేయొద్దు, ఊపిరి వదులుతూ బిగించాలి. పిరుదులు, తొడలు బిగిస్తే అది వేరే కండరం. పొట్ట ఉబ్బుతుంటే మీరు బిగించడం లేదు, ముక్కుతున్నారు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం కండరం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక్కసారి చాలు, రోజూ చేస్తే సంచి సరిగ్గా ఖాళీ కాదు.

మూడు నెలలు చేయాలి. మూడు వారాలకు మానేసి పనికిరాలేదని వచ్చేవాళ్లే నా దగ్గర ఎక్కువ.

కఫం ఉన్నవాళ్లకు ఇంకోటి. గొంతు చించుకుని దగ్గకండి. అద్దం మీద ఆవిరి పట్టించినట్టు నోరు తెరిచి "హా… హా…" అని గట్టిగా గాలి వదలండి, రెండు మూడు సార్లు. కఫం పైకి జరుగుతుంది, అప్పుడు ఒక్క చిన్న దగ్గు సరిపోతుంది. కిందికి ఒత్తిడి బాగా తగ్గుతుంది.

గోదావరిఖని చెల్లె, ఎనిమిది నెలలకే నువ్వు భయపడాల్సిన పని లేదు, కానీ మామూలే అని వదిలేయకు కూడా. నీకు అందరికంటే తొందరగా గుణం కనిపిస్తుంది. ముందు ఆస్తమా పంపు రోజూ వాడుతున్నావా, దమ్ము వచ్చినప్పుడేనా?

బొగ్గుబాయి కోడలు, గోదావరిఖని | మార్చి 9

వచ్చినప్పుడే. పాలిస్తున్నా కదా, బాబుకు ఏమైనా అవుతుందని మా అమ్మ ఆపించింది.

ఫిజియో చెల్లె, హన్మకొండ | మార్చి 9

పాలిచ్చేవాళ్లు మామూలుగా పంపులు వాడొచ్చు, పాలలోకి పోయేది చాలా తక్కువ. రేపే మీ డాక్టర్‌కు ఫోన్ చేసి అడుగు. తల్లికి ఊపిరాడకపోవడం బాబుకు మంచిది కాదు కదా.

కోరుట్ల ఆడబిడ్డ | మార్చి 10

బట్టల సంగతి ఎవరూ రాయలేదు, నేను రాస్తా. అమ్మ మొదట పాత నూలు చీర ముక్కలు పెట్టుకునేది. నూలు మంచిదే గానీ తడిసిన ముక్క గంటలకొద్దీ అలాగే ఉంటే తొడల మధ్య ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. నెలసరి ప్యాడ్లు తెచ్చిస్తే అవీ ఆగలేదు. చిక్కని రక్తానికి చేసినవి అవి, నీళ్లలా ఒక్కసారి వచ్చేదాన్ని అంత తొందరగా పీల్చలేవు. మూత్రం కోసం విడిగా చేసిన ప్యాడ్లు ఉంటాయి, షాపులో పెద్దవాళ్ల ప్యాడ్లు అని అడగాలి. ఖరీదు ఎక్కువే. అందుకని ఇంట్లో నూలు ముక్కలు, బయటికి పోతే ప్యాడ్ అని పెట్టుకున్నాం. తడవగానే మార్చడం, కడిగి ఆరబెట్టి కొబ్బరినూనె రాయడం. సబ్బుతో రుద్ది రుద్ది కడగొద్దు, మంట పెరుగుతుంది.

మందుల షాపు, నర్సంపేట | మార్చి 10

నిజమే. ఆడవాళ్లు ఉంటే నేను పక్కకు తప్పుకుని మా ఆవిడను కౌంటర్లో కూర్చోబెడతా. లేకపోతే దగ్గు గోళీ అడిగి వెళ్లిపోతారు.

ఊరి వైద్యం, ములుగు | మార్చి 11

కపాలభాతి మాట వెనక్కి తీసుకుంటున్నా. నువ్వుల మాట తీసుకోను.

కాజీపేట రిటైర్డ్ | మార్చి 11

😄

గిర్ని అక్క, వరంగల్ | ఏప్రిల్ 14

అందరికీ చెప్పాల్సిన ముచ్చట్లు చాలా ఉన్నాయి. సీజన్ కాబట్టి రాయలేకపోయా.

ముందు మా ఆయనకు చెప్పా. రెండు రోజులు ఏం మాట్లాడలేదు, కోపమొచ్చిందేమో అనుకున్నా. మూడో రోజు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కారం యంత్రం వెనక పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాడు. కారం పట్టే పని కుర్రాడికి అప్పజెప్పి నన్ను పిండి వైపు కూర్చోబెట్టాడు. కుర్రాడికి కూడా మాస్కు కొనిచ్చా, నా గతే వాడికి పట్టొద్దని.

తెమడలో ఏం లేదు. ఊదే పరీక్ష రెండుసార్లు చేశారు, పంపు మందు ఇవ్వకముందు, ఇచ్చాక. రెండింటికీ తేడా బాగా ఉందని, ఆస్తమా అని చెప్పారు. నేను కారం గిర్ని అనగానే డాక్టర్ నవ్వారు. దగ్గు మీద పరిశోధన చేసేవాళ్లు మనుషులకు కావాలని దగ్గు తెప్పించడానికి మిరపకాయలోని మందునే పీల్పిస్తారట, కాప్సైసిన్ అంట దాని పేరు. అది మీరు రోజూ ఉచితంగా పీలుస్తున్నారు అన్నారు. బీపీ డాక్టర్ గోళీ మార్చారు.

లేడీ డాక్టర్ దగ్గర మాత్రం చాలా సిగ్గుపడ్డా. మూత్రం నిండుగా ఉంచుకుని రమ్మన్నారు, బల్ల మీద పడుకోబెట్టి దగ్గమన్నారు. దగ్గా. పడింది. ఆమె మామూలుగా, "ఆ, ఇదే, చూశా" అని రాసుకున్నారు. ఇన్నాళ్లు నేను చచ్చిపోయినంత దాచిన సంగతి ఆమెకు ఒక్క గీత రాత. మూత్ర పరీక్షలో చీము, రక్తం లేవు. ఆపరేషన్ ఉంది, నాళం కింద పట్టీ వేస్తారట, కానీ దగ్గు అదుపులో లేకుండా చేస్తే ఆ పట్టీ మీద కూడా అదే దెబ్బ పడుతుంది, ముందు దగ్గు, వ్యాయామం, తర్వాత చూద్దాం అన్నారు.

టీ రెండుకు దించా. మొదటి వారం తలనొప్పి.

ఫిజియో చెల్లె, హన్మకొండ | ఏప్రిల్ 14

అక్కా, కండరం దొరికిందా?

గిర్ని అక్క, వరంగల్ | ఏప్రిల్ 15

మొదట్లో పిరుదులే బిగించా. లేడీ డాక్టర్ చూసి చెప్పాక తెలిసింది. ఇప్పుడు ఒక్కో గిరాకీ డబ్బాలో పిండి నిండేలోపు పదిసార్లు అయిపోతుంది. ఎవరికీ తెలియదు.

బొగ్గుబాయి కోడలు, గోదావరిఖని | జూలై 20

పంపు రోజూ వాడుతున్నా, బాబు బాగున్నాడు. నాలుగు నెలలు వ్యాయామం చేశా. నవ్వితే పడటం పోయింది. తుమ్ము ఒక్కటే మోసం చేస్తోంది, అది చెప్పి రాదు కదా. అత్తమ్మను అడిగా చివరికి. ముప్పై రెండేళ్లుగా ఉందట. ఇప్పుడు ఇద్దరం కలిసి చేస్తున్నాం, ఆమె నాకంటే ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది.

కోరుట్ల ఆడబిడ్డ | జూలై 21

ముప్పై రెండేళ్లు!

నిర్వాహకుడు | జూలై 22

ఇన్‌బాక్స్‌లో చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఈ చర్చను పైన ఉంచుతున్నాం. మూత్రంలో గానీ తెమడలో గానీ రక్తం, జ్వరంతో మంట, మూత్రం పూర్తిగా ఆగిపోవడం, కాళ్లు తిమ్మిరెక్కి ఉన్నట్టుండి అదుపు తప్పడం, కూర్చున్నా ఊపిరాడకపోవడం, వీటిలో ఏది ఉన్నా ఇక్కడ రాసి జవాబు కోసం చూడకండి, వెంటనే దవాఖానాకు పోండి.

గిర్ని అక్క, వరంగల్ | అక్టోబర్ 12

సద్దుల బతుకమ్మ నాడు రెండు గంటలు ఆడా. పోయిన రెండేళ్లు మోకాళ్ల నొప్పి అని చెప్పి ఇంట్లోనే కూర్చున్నా. అంతకు ముందు వారం పడిశం పట్టి దగ్గు వచ్చింది, ఒకరోజు కొంచెం తడిసింది కూడా. అందుకని ప్యాడ్ పెట్టుకునే పోయా. ఇంటికొచ్చి చూస్తే పొడిగా ఉంది. ఆ తర్వాత హైదరాబాద్ కూడా పోయొచ్చా. జనగామ దాకా ఒంటికి పోవాలనే టెన్షన్ ఉండింది, తర్వాత నిద్రపట్టింది.

పూర్తిగా పోయిందని చెప్పను. ఫిబ్రవరిలో తేజ దిగినప్పుడు తెలుస్తుంది.

కాజీపేట రిటైర్డ్ | అక్టోబర్ 12

అప్పుడు మళ్లీ రాయి చెల్లె. రెండు కిలోల చపాటా కూడా పక్కన పెట్టు, గిర్ని ఎక్కడో ఇక్కడ చెప్పకు గానీ.

గిర్ని అక్క, వరంగల్ | అక్టోబర్ 13

పెడతా అన్నా. నువ్వు లోపలికి రావొద్దు, బయటే నిలబడు. కుర్రాడు తెచ్చిస్తాడు.